గూఢచారుల ప్రేమకథ రాద్దామని కూర్చుంటే మోర్స్ కోడ్ నేర్చుకోవాల్సొచ్చింది (నా అనుభవం)

ముందే చెప్పేస్తున్నా, నేనేం పెద్ద రైటర్ని కాదు. వైజాగ్‌లో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్తాను, ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తగారు, మావారు. రాత్రి వంటిల్లు సర్దేసి పాలు తోడేసాక తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా నాది అనుకునే టైము, అప్పుడు మంచం మీద గోడకి చేరబడి ఫోన్లో టైప్ చేసుకుంటూ సీరియల్స్ రాస్తుంటాను. ఇంతకుముందు రాసినవన్నీ మామూలువే, ఆఫీసు ప్రేమ, అమెరికా సంబంధం, ఆడపడుచు గొడవ. వాటికి రీసెర్చ్ ఏముంటుంది, మా వీధి చాలు.

ఇది మాత్రం బీచ్ రోడ్డు మ్యూజియంలో మొదలైంది. పాత డచ్ బంగళాలో ఉంటుంది కదా విశాఖ మ్యూజియం, అక్కడ జపాన్ వాళ్ళు మన ఊరి మీద వేసిన బాంబు ఒకటి పెట్టారు. మా పాప దాని ముందు నిలబడి "అమ్మా ఇది నిజంగా మన వైజాగ్ మీదే వేశారా, యుద్ధం ఎక్కడో కదా జరిగింది" అంది. నాకు ఠక్కున మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా నాయనమ్మకి తారీఖులు తెలీవు, "మీ పెద్దత్త జపానోడు బాంబేసిన ఏడు పుట్టింది" అనేది. బాంబు పడ్డాక కురుపాం మార్కెట్ దగ్గర ఇల్లు తాళం పెట్టి, ఆవకాయ జాడీలు గడ్డిలో చుట్టి ఎడ్లబండి ఎక్కించుకుని చోడవరం అవతల పల్లెకి వెళ్ళిపోయారట, రుబ్బురోలు ఒక్కటే వదిలేశారట, తిరిగొచ్చేసరికి ఇంట్లో అన్నీ ఉన్నాయి గానీ ఆ రుబ్బురోలే లేదట. యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆవిడ బాధంతా దాని మీదే.

సరే ఆ రాత్రే మొదలెట్టేశా. ఒకమ్మాయి బ్రిటిష్ వాళ్ళ తరఫు, ఒకబ్బాయి జపాన్ తరఫు, ఇద్దరూ గూఢచారులు, ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదు, తప్పక కలిసి పనిచెయ్యాల్సొస్తుంది, పనిచేస్తూ ప్రేమలో పడతారు. శత్రువులు ప్రేమికులైతే జనాలు ఎగబడి చదువుతారని నాకు తెలుసు, ఆ మాత్రం కామర్స్ వచ్చు.

మొదటి పదకొండు భాగాలూ ఘోరం. ఇప్పుడు చదివితే నాకే సిగ్గేస్తుంది. అర్ధరాత్రి బాంబు దాడి, సెర్చ్‌లైట్ల వెలుగులో తెల్లచీరలో హీరోయిన్ పరిగెడుతుంటుంది, హీరో వచ్చి చెయ్యి పట్టుకుని ఇసుకలో పడేస్తాడు. రెండో రోజే ఒక పెద్దాయన కామెంట్ పెట్టారు, "అమ్మా, బాంబులు పడింది పట్టపగలు, మా నాన్నగారు చూశారు" అని. అంతే, ఒక్క లైను. తిట్టినా బాగుండేది.

అప్పుడు కూర్చుని చదవడం మొదలుపెట్టా. 1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజు ఆదివారం ఈస్టర్, ఆ రోజు కొలంబో మీద దాడి చేశారు, ఆ మర్నాడు మన వంతు. ర్యూజో అని చిన్న విమాన వాహక నౌక, దాని మీంచి వచ్చిన విమానాలు వైజాగ్ మీదా, అదే రోజు కాకినాడ మీదా వేశాయి. బంగాళాఖాతంలో ఆ నాలుగైదు రోజుల్లో ఇరవైకి పైగా సరుకు ఓడలు ముంచేశారు. మద్రాసులో అయితే ఊరు ఖాళీ చెయ్యమన్నారు, బాంబులకి బోన్లు పగిలితే ఊరి మీద పడతాయని జూలో పులుల్నీ సింహాల్నీ కాల్చేశారు కూడా. ఆంధ్రా యూనివర్సిటీని గుంటూరు తరలించేశారు. ఇవన్నీ మన పక్కన జరిగినవే, నేను స్కూల్లో చదువుకున్న సోషల్ పుస్తకంలో ఒక్క లైను కూడా లేదు, హిరోషిమా మాత్రం ఉంది.

ఇంకో తప్పు యూనిఫాం. మా హీరోయిన్‌కి నేవీ యూనిఫాం వేసేశా, తెల్ల చొక్కా, టోపీ, బ్యాడ్జీ. మా మేనల్లుడు పాపం రెండు రాత్రులు కూర్చుని కవర్ బొమ్మ కూడా చేసిచ్చాడు. తీరా చూస్తే ఆడవాళ్ళ నేవీ విభాగం వచ్చింది 1944లో, నా కథ 1942లో. మిలిటరీలో ఆడవాళ్ళ సహాయక దళం 1942లోనే మొదలైంది గానీ నేవీ డ్రెస్సు మాత్రం కుదరదు. కవర్ పోయింది. మేనల్లుడు వారం రోజులు మాట్లాడలేదు. హీరోయిన్ నేత చీరలోకి వచ్చేసింది, హార్బర్ ఆఫీసులో టైపిస్టు అని పైకి చెప్పుకునే ఉద్యోగం. నిజం చెప్పాలంటే అప్పటినుంచే ఆ పిల్ల నాకు మనిషిలా కనిపించడం మొదలెట్టింది.

పేరు కనకం. పుట్టింది రంగూన్లో. ఇది నా కల్పనే గానీ గాల్లోంచి తెచ్చింది కాదు, మనవాళ్ళు అప్పట్లో రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో వేలకి వేలమంది పనిచేసేవాళ్ళు, కోరంగి రేవు నుంచి ఓడెక్కేవాళ్ళు కాబట్టి అక్కడ తెలుగువాళ్ళందర్నీ కోరంగీలనే పిలిచేవాళ్ళు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి, 1942 మార్చి 8కి ఊరు జపాన్ చేతికెళ్ళిపోయింది, లక్షలమంది ఇండియన్లు నడిచీ, ఓడలెక్కీ, చచ్చీ చెడీ ఇటు వచ్చేశారు. కనకం వాళ్ళ నాన్న ఆ మొదటి రోజు రేవులో పోయాడు. అందుకని ఆ పిల్లకి ఇంగ్లీషు వాళ్ళ మీద ప్రేమేం లేదు, జపాన్ వాళ్ళంటే మాత్రం ఒళ్ళు మంట. బర్మా భాష వచ్చు కాబట్టి, కాందిశీకుల్లో కలిసిపోయి వస్తున్న ఏజెంట్లని కనిపెట్టే పనిలో పెట్టుకున్నారు.

హీరో మలయా (ఇప్పటి మలేషియా) తెలుగువాడు. మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వెళ్ళినవాళ్ళ పిల్లలు అక్కడ ఇప్పటికీ ఉన్నారు. సింగపూర్ 1942 ఫిబ్రవరిలో జపాన్ చేతిలో పడిపోయాక, మలయాలోని పెనాంగ్‌లో ఇండియన్ కుర్రాళ్ళకి గూఢచర్యం నేర్పే స్కూలు ఒకటి పెట్టారు, పేరు స్వరాజ్ ఇన్‌స్టిట్యూట్, దేశానికి స్వతంత్రం తేవాలని వెళ్ళిన కుర్రాళ్ళే అందరూ. వాళ్ళలో కొంతమందిని జపాన్ సబ్‌మెరీన్‌లో తెచ్చి 1942 సెప్టెంబర్ 27న కేరళలో తానూర్ దగ్గర దింపారు, ఇంకొంతమందిని గుజరాత్ తీరంలో. నేను నా హీరోని భీమిలి దగ్గర దింపాను, అది పూర్తిగా నా సొంతం, భీమిలికి ఏ సబ్‌మెరీనూ రాలేదు, ముందుమాటలో ఆ సంగతి రాసుకున్నా కూడా.

దొంగతనంగా దిగేవాడు ఎప్పుడు దిగుతాడు, అమావాస్యకే కదా అని చిమ్మచీకటి రాసుకున్నా. తర్వాత పంచాంగం లెక్క చూస్తే తానూర్ వాళ్ళు దిగింది పౌర్ణమి దాటి రెండు మూడు రోజులకే. చిత్రభాను నామ సంవత్సరం, భాద్రపద బహుళం, మహాలయ పక్షం. పిండివెన్నెల్లో దిగారు పాపం. నేను కూడా నా వాణ్ణి వెన్నెల్లోనే దింపేశా, పొద్దున్నే సముద్రపు ఒడ్డున పితృకార్యానికి వచ్చిన ముసలాయన కంటపడతాడు, తడిసిన బట్టలు, చేతిలో ఒక సూట్‌కేసు. ఆ ముసలాయన చేతే నువ్వులూ నీళ్ళూ వదిలిపించి నా హీరోని విస్తరాకు దగ్గర కూర్చోబెట్టా, ఆ భాగానికి బాగా కామెంట్లొచ్చాయి.

హీరో పేరు అప్పన్న. మా వైపు ఇంటికొక అప్పన్న ఉంటాడు, సింహాచలం దేవుడి పేరు. నేను రాసే యాప్ (పేరు వద్దులెండి) వాళ్ళ నుంచి ఒకావిడ ఫోన్ చేసి "మేడమ్, హీరో పేరు కొంచెం స్టైలిష్‌గా పెట్టండి, విక్రాంత్ అని" అంది. రబ్బరు తోట కూలీ కొడుకు 1942లో విక్రాంత్ ఎలా అవుతాడమ్మా అన్నాను. "రీడర్స్ అంత ఆలోచించరు మేడమ్" అంది. ఆలోచించకపోతే పట్టపగలు బాంబులు పడ్డాయని నాకెవరు చెప్పారు మరి?

ఇప్పుడు ఇద్దర్నీ ఒక గదిలో పెట్టాలి. దొరికిపోయిన వైర్‌లెస్ గూఢచారికి ఆ రోజుల్లో ముఖ్యంగా రెండు దారులు, ఉరి, లేదా మా మాట విని అవతలివాళ్ళకి మేం చెప్పిన అబద్ధాలు పంపడం. ఇంగ్లండులో దొరికిన జర్మన్ ఏజెంట్లని ఇలాగే తిప్పుకున్నారు, ఢిల్లీలో కూడా పీటర్ ఫ్లెమింగ్ అనే ఆయన కింద శత్రువుని తప్పుదోవ పట్టించడానికే ఒక ఆఫీసుండేది. అయితే ఇందులో ఒక చిక్కుంది, ఏజెంటు బదులు ఇంకొకడు కీ (మోర్స్ కొట్టే మీట) మీద కూర్చుంటే అవతలివాడు కనిపెట్టేసే ప్రమాదం ఉంది. అందుకని పట్టుబడ్డ మనిషే కూర్చుని కొట్టడం మేలు, పక్కన ఒకళ్ళు కాపలా. ఆ కాపలా కనకం. పని అదీ, వాడి పక్కన కూర్చుని వినడం.

ఇక్కడిదాకా బాగానే ఉంది. అసలు మోర్స్ అంటే ఏంటో నాకు తెలీదు. సినిమాల్లో చూసింది చూసినట్టు రాసేశా, లాకప్‌లో అప్పన్న గోడ మీద వేళ్ళతో టకటకా కొడుతుంటే అవతలి గదిలో కనకం విని అర్థం చేసుకుంటుంది, కళ్ళల్లో నీళ్ళు, వగైరా. మా పెదనాన్న ఒకాయన విజయనగరంలో ఉంటారు, టెలిగ్రాఫ్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు, 1963లో చేరారట. ఆదివారం బస్సెక్కి వెళ్ళి ఈ సీను చదివి వినిపించా.

నవ్వారు. ఎంత నవ్వారంటే పొలమారింది, పెద్దమ్మ ఫొటో కింద స్టూలు మీద మంచినీళ్ళుంటే తెచ్చిచ్చాను.

"ఏటమ్మా ఇది, గోడ మీద మోర్స్ కొట్టీడమేటి?"

"అంటే పెదనాన్నా, చిన్న దెబ్బ, పెద్ద దెబ్బ..."

"పెద్ద దెబ్బేటి? గట్టిగా కొడితే పెద్దదయిపోద్దా? ఏదీ కొట్టు" అని స్టీలు గ్లాసూ చెంచా నా చేతికిచ్చారు. కొట్టాను. టింగ్. "ఇప్పుడు పొడుగుది కొట్టు." టింగ్. మళ్ళీ కొట్టాను, టింగ్. నాకప్పుడు వెలిగింది. మోర్స్‌లో ఉన్నవి రెండే, పొట్టి సౌండు, పొడుగు సౌండు. గట్టీ మెల్లా కాదు, ఎంతసేపు అన్నదే లెక్క. గోడ మీద దెబ్బకి "ఎంతసేపు" ఉండదు, పడగానే అయిపోతుంది. వైర్‌లెస్‌లో అయితే కీ నొక్కినంతసేపూ ఈల లాగా సౌండు వస్తుంది, తెలిసిపోతుంది. మరి మీ ఆఫీసులో ఈల లేదు కదా, టక్కు టక్కే కదా అనడిగితే, సౌండరు అని ఇత్తడిది ఉండేదట, కీ నొక్కితే ఒకరకం టక్కు, వదిలితే ఇంకోరకం టక్కు, ఆ రెండిటి మధ్య ఎంత టైము పట్టిందో చెవి పట్టుకుంటుందట. "మేం సప్పుడు వినంలే అమ్మా, సప్పుడుకీ సప్పుడుకీ మధ్య ఖాళీ వింటాం" అన్నారు. ఈ మాట ఎత్తుకెళ్ళి కనకం నోట్లో పెట్టేశా, ఆయన్ని అడగలేదు కూడా.

తర్వాత ఐదారు ఆదివారాలు వెళ్ళాను. డి డా అంటే ఏ, డా డి అంటే ఎన్, నోటితో అంటూ నేర్పించారు. నేను నిమిషానికి నాలుగైదు మాటలు దాటలేదు, ఆయన ఎనభై దాటాక కూడా పేపర్లో హెడ్డింగు చూస్తూ డిడిడా డిడా అని గడగడా పాడేస్తారు. మావారు "నువ్వు కథ రాస్తున్నావా, పోస్టాఫీసులో చేరుతున్నావా" అని ఎగతాళి.

ఇక కోడు. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన భాగం, కొంచెం సాగదీస్తాను, ఓపిక లేనివాళ్ళు కిందికెళ్ళిపోండి. యూరప్‌లో ఇంగ్లీషు ఏజెంట్లకి ఒక పద్ధతి ఉండేది, ఒక పద్యం బట్టీపట్టించేవాళ్ళు, అందులోంచి కొన్ని మాటలు ఎంచుకుని, ఆ అక్షరాలకి ఏ బీ సీ డీ వరసలో నంబర్లు వేసి, ఆ నంబర్ల ప్రకారం సందేశాన్ని నిలువు వరసల్లో తారుమారు చేసేవాళ్ళు. కాగితం మీద ఏమీ దాచుకోక్కర్లేదు, పద్యం బుర్రలో ఉంటుంది. తలనొప్పి ఏంటంటే అందరికీ తెలిసిన పద్యమైతే శత్రువు కూడా ఊహించేస్తాడు. పెనాంగ్ వాళ్ళు ఇదే వాడారని నేననను, నా కథకి ఇది అప్పు తెచ్చుకున్నా. అప్పన్న తన కోడుకి తాళంగా పెట్టుకున్నది చిన్నప్పుడు తోటలో పంతులు నేర్పిన ఒక ఆటవెలది. దొర ఆఫీసర్లకి అది ఎప్పటికీ దొరకదు. కనకానికి దొరుకుతుంది, కానీ వెంటనే కాదు.

ఎందుకంటే తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో ఎవడికి నచ్చినట్టు వాడు రాస్తాడు, మనం వాట్సాప్‌లో రాసుకున్నట్టే. వెన్నెల అనే మాట తీసుకోండి. వీ, ఈ, ఎన్, ఎన్, ఈ, ఎల్, ఏ. అక్షరక్రమంలో ముందొచ్చేది ఏ, దానికి 1, రెండు ఈలకి 2, 3, ఎల్‌కి 4, రెండు ఎన్‌లకి 5, 6, వీకి 7. మొత్తం మీద 7, 2, 5, 6, 3, 4, 1. ఇప్పుడు ఎవడైనా చివర సాగదీసి ఇంకో ఏ పెట్టాడనుకోండి, 8, 3, 6, 7, 4, 5, 1, 2 అయిపోతుంది, మొత్తం తాళమే మారిపోయింది. పద్యం తెలిసినా చాలదు, వాడు ఎలా పలుకుతాడో తెలియాలి. కనకం మూడు వారాలు అదే పని మీద కూర్చుంటుంది, కాగితాలకి కాగితాలు, చివరికి ఒక రాత్రి "వొ" అని పలికే మాట దగ్గర పట్టుకుంటుంది, వీడు "ఒక" అనడు, "వొక" అంటాడు, మా శ్రీకాకుళపు నోరు, మలయాలో పుట్టినా తాతల నోరే. మనిషిని ఇంకా చూడకుండానే వాడి పలుకు ఆ పిల్లకి తెలిసిపోయింది. ఈ భాగం రాసిన రాత్రి పన్నెండున్నరకి కూడా నాకు నిద్ర పట్టలేదు. కామర్స్ టీచర్‌ని కదా, లెక్క కుదిరితే ఆ ఆనందమే వేరు.

పాఠకులకి అదే భాగం బోరు. "లెక్కలెందుకు, కలవనివ్వండి వాళ్ళని" అని ముప్ఫై కామెంట్లు.

గొడవ వచ్చింది మాత్రం ఆగస్టు దగ్గర. క్విట్ ఇండియా. 1942 ఆగస్టు 12న తెనాలిలో స్టేషన్ తగలబెట్టారు, పోలీసులు కాలిస్తే ఏడుగురు పోయారు. నేను కనకాన్ని ట్రైనింగుకని మద్రాసు పంపిస్తూ ఆ కాలిన స్టేషన్ మీదుగా రైల్లో తీసుకెళ్ళా, కిటికీలోంచి మసి పట్టిన గోడలు చూస్తుంది, ఒళ్ళో సర్కారు ఇచ్చిన ఉత్తరం ఉంటుంది. ఆ భాగం కింద పెద్ద యుద్ధమే జరిగింది. హీరోయిన్ దేశద్రోహి అన్నారు, హీరో నిజమైన దేశభక్తుడు, ఆవిడ చేత క్షమాపణ చెప్పించండి అన్నారు. ఇంకొకాయన రివర్సు, బర్మాలో జపాన్ వాళ్ళు ఏం చేశారో తెలుసా అని. మా అత్తగారు కూడా చదువుతున్నారని నాకప్పుడే తెలిసింది, "ఆ పిల్ల వాళ్ళ నాన్నని చంపినవాళ్ళ తరఫున వచ్చాడుగా వీడు, ఎలా చేసుకుంటుందే" అన్నారు పప్పు రుబ్బుతూ. మిగతా కామెంట్ల కంటే ఆ ఒక్కటే నాకు పనికొచ్చింది.

ఎందుకంటే నిజంగానే ఎలా చేసుకుంటుంది? నేను అక్కడే ఆగిపోయాను. రెండు నెలలు ఒక్క భాగం పెట్టలేదు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు, హార్బర్ వెనక కొండవాలులో పెంకుటిల్లు, కిటికీలకి బ్లాకౌట్ నల్లకాగితం, బల్ల మీద సెట్టు, హెడ్‌ఫోను ఒకటి వాడికి ఒకటి ఆమెకి. ఇద్దరూ కరెక్టే. వాడొచ్చింది దేశం కోసం, ఆమె చేస్తున్నది తండ్రి కోసం. మాటల్లో వాదిస్తే అసెంబ్లీలా ఉంది. వర్షంలో తడిపాను, జ్వరం తెప్పించాను, తడిగుడ్డ వేయించాను. అన్నీ చెరిపేశా. యాప్ ఆవిడ అయితే "మూడు భాగాలకొక ముద్దైనా పడాలి మేడమ్, లేకపోతే రీడర్స్ డ్రాప్ అయిపోతారు" అని మెసేజ్ పెట్టింది, ముద్దు ఎవరికి, ఎప్పుడు అని కూడా ఒక చార్టు పంపింది.

ఒకరోజు ఊరికే, కథ గురించి కాదు, పెదనాన్న దగ్గరకి వెళ్ళా. మామిడికాయలు తెచ్చిచ్చి కూర్చున్నా. మాటల్లో ఆయనే ఎత్తారు.

"రాజమండ్రిలో ఒకాయనుండీవాడమ్మా. మొఖం తెలీదు. పేరు కూడా తెలీదు, రెండక్షరాలు, అంతే. ఏడేళ్ళు అవతల కీ మీద ఆయన, ఇవతల నేను. మీ పెద్దమ్మని కేజీహెచ్ ఆస్పత్రిలో చేర్చిన మూడోరోజు డ్యూటీకెళ్ళాను, లీవు లేదు. పన్నెండు టెలిగ్రాములు పంపీసేను. ఒక్క తప్పు లేదు. పదమూడోది సగంలో ఉండగా ఆపీసాడు. ఏటయ్యా, నంబరు తప్పేనా అన్నాను. కాదు, ఏటయింది నీకు అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏటీ లేదన్నాను. నీ చెయ్యి బాలేదు, లెగిసి మొఖం కడుక్కుని రా, నేను ఉంటాను అన్నాడు. లెగిసి ఎల్లి కుళాయి దగ్గర నిలబడ్డాను. అప్పటిదాకా నేను ఏడవలేదమ్మా."

చెయ్యి అంటారు వాళ్ళు. ఒక్కొక్కరు కీ కొట్టే తీరు, పొడుగు ఎంత లాగుతారు, అక్షరానికి అక్షరానికి మధ్య ఎంత ఆగుతారు, సంతకం లాంటిది. ఇంత చిన్న సంగతి మూడు నెలల ముందు నుంచీ నా నోట్సులో ఉంది, "ప్రతి ఆపరేటర్‌కీ ఒక శైలి ఉంటుంది" అని ఎక్కడో చదివి రాసుకున్నదే. పెదనాన్న కుళాయి దగ్గర నిలబడేదాకా అది నాకు లైనే, మనిషి కాలేదు.

బస్సులోనే రాసేశా సీను. ఏజెంట్లకి ముందే ఒక గుర్తు నేర్పి పంపేవాళ్ళు, పట్టుబడితే ఫలానా చోట ఫలానా తప్పు మానెయ్ అనో, చెయ్ అనో, అది చూసి అవతలివాళ్ళు తెలుసుకోవాలి. హాలండ్‌లో 1942 మార్చిలో జర్మన్లకి దొరికిన, ఇంగ్లీషు వాళ్ళ తరఫు డచ్ ఏజెంటు ఒకడు ఆ గుర్తు పెట్టకుండా పంపి లండన్ని హెచ్చరించబోయాడు, లండన్ వాళ్ళు పట్టించుకోలేదు, ఆ తర్వాత పంపినవాళ్ళు యాభైమందికి పైగా నేరుగా జర్మన్ల చేతుల్లోకే దిగారు. అప్పన్న కూడా అదే చేస్తాడు. ఒక రాత్రి ఒక అక్షరం మీద చెయ్యి ఆగుతుంది, కొద్దిగా, వెంట్రుకవాసంత. వాడి గుర్తు అది. పెనాంగ్‌కి తెలుస్తుందో లేదో గానీ పక్కన హెడ్‌ఫోన్ పెట్టుకున్న కనకానికి తెలిసిపోతుంది, నెలన్నర నుంచి ఆ చెయ్యే వింటోంది కదా. వాడికీ తెలుసు ఆమెకి తెలిసిందని. ఇద్దరూ మాట్లాడరు. ప్రతి ప్రసారం అయ్యాక ఆమె రిజిస్టర్‌లో రాయాలి, టైము, మాటల సంఖ్య, చివరి గడిలో చెయ్యి ఎలా ఉందో. "ఆగింది" అని రాస్తే తెల్లారేసరికి వాణ్ణి మద్రాసు జైలుకి పంపేస్తారు. కలం సిరాలో ముంచుతుంది, ఆరిపోతుంది, మళ్ళీ ముంచుతుంది. "మామూలుగానే ఉంది" అని రాసి ఇసుక అద్ది మూసేస్తుంది.

అంతే సీను. ముద్దు లేదు, ముట్టుకోవడం లేదు. యాప్ ఆవిడకి పంపితే "ఇందులో రొమాన్స్ ఎక్కడుంది మేడమ్" అంది. మా అత్తగారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుని "అబ్బో, రాసేసిందా" అన్నారు.

యాప్ వాళ్ళతో పొసగలేదు, 41వ భాగం దగ్గర ఆపేశా, రావాల్సిన డబ్బు కొంత ఇప్పటికీ రాలేదు, దాని గురించి రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. మిగతాది కాగితం మీదే రాసుకుని సొంతంగా 300 కాపీలు వేయించా, చీటీ డబ్బులు పెట్టి.

ముగింపు గురించి చాలామంది మెసేజ్ చేస్తుంటారు, పెళ్ళి చెయ్యచ్చు కదా అని. చెయ్యలేకపోయా. పెనాంగ్ నుంచి నిజంగా వచ్చినవాళ్ళలో నలుగుర్ని 1943 సెప్టెంబర్ 10న మద్రాసు జైల్లో ఉరితీశారు. వాళ్ళలో వక్కం ఖాదర్‌కి అప్పటికి 26 ఏళ్ళు, ఉరికి ముందు వాళ్ళ నాన్నకి ఉత్తరం రాశాడు. అది తెలిసాక నా అప్పన్నకి వైజాగ్‌లో షామియానా వెయ్యడానికి చెయ్యి రాలేదు. అలాగని చంపబుద్ధీ కాలేదు. వాణ్ణి బతికుంచాను, ఇద్దర్నీ వేరే వేరే ఊళ్ళకి పంపించాను, 1946లో ఒక పోస్టాఫీసు కౌంటర్ దగ్గర, లోపల ఎవరో కీ కొడుతుంటే కనకం క్యూలో నిలబడి తల ఎత్తి వింటుంది, అక్కడ ఆపేశా. బాలేదన్నవాళ్ళు ఉన్నారు, ఉండనీండి.

మొదటి కాపీ పెదనాన్నకే ఇచ్చాను. వారం తర్వాత వెళ్తే భూతద్దం పక్కన పుస్తకం ఉంది, మధ్యలో బస్ టికెట్టు పెట్టి ఉంది. చాలా సంబరపడిపోయి ఎలా ఉంది పెదనాన్నా అన్నా. ఆ పేజీ తీసి చూపించారు, ఎర్ర బాల్‌పెన్నుతో సున్నా చుట్టారు.

"నీ అప్పన్న ఇక్కడ ఎన్ కొట్టీడమ్మా. నువ్వు డి డా అని రాసీసినావు. అది ఏ."

300 కాపీల్లోనూ అదే పేజీ, 118. ఇప్పుడు రోజుకి పది చొప్పున బాల్‌పెన్నుతో దిద్దుతున్నా.